రెండక్షరాలు తక్కువ

బ్రిన్‌హెలిగ్‌లో కొండంతా పలకరాయే.
ఇళ్ల కప్పులు పలక, మెట్లు పలక,
సమాధుల తలాపున పలక.
ఎక్కడెక్కడి పిల్లలో ఓనమాలు దిద్దుకున్న పలకలు
ఇక్కణ్ణుంచే ఓడెక్కాయి.
అందుకే, యుద్ధం నుంచి తిరిగిరానివాళ్ల పేర్లకి
వేల్స్‌లోని ఈ ఊరు వేరే రాయి వెతుక్కోలేదు.

చందాలన్నీ రాయి నిలబెట్టడంతోనే సరిపోయాయి.
చెక్కుడు కూలి ఎవరి పేరుకి వాళ్లే, అంది కమిటీ.
అక్షరానికి ఆరు పెన్నీలు.
ఉలి మా ముత్తాత ఇద్వల్‌ది,
లెక్క పుస్తకమూ ఆయనదే.
అట్ట ఊడిపోయింది. నా దగ్గరుంది.

పొట్టి పేర్లవాళ్లు ఒక్కపూటలో తేల్చేశారు.
మందుల షాపాయన కొడుక్కి
చదివిన చదువు కూడా చెక్కించాడు.
వేసవి దాటేసరికి ముప్పయ్యారు పేర్లు పూర్తి.
మిగిలింది అట్టడుగు వరుస.

మార్గెడ్ కద్వలాదర్ కోళ్లు పెంచేది.
శనివారం గుడ్లమ్మిన డబ్బు
సోమవారం మా వాకిట్లో లెక్కపెట్టేది.
వారానికి ఒక అక్షరం.
"వాడి పేరు ఇథెల్.
ఆ 'థ' ఇంగ్లీషువాళ్లకి రెండక్షరాలు,
మన భాషలో ఒకటే.
ఒక్కదానికే ఇస్తాను."
ఇద్వల్ గొణిగాడు. ఒప్పుకున్నాడు.
పుస్తకంలో ఆ వారం ఒకే టిక్కు,
పక్కన కాగితం చిరిగేలా నొక్కి రాసిన 'సరే'.

ఇథెల్‌కి పందొమ్మిదేళ్లు.
క్వారీలో రాయి చీల్చేవాడు,
దిమ్మెని పొరలు పొరలుగా, పుస్తకం విప్పినట్టు.
పడిపోయింది ఎక్కడో,
తల్లికి నోరు తిరగని ఊళ్లో.

ఆ చలికాలమంతా వాడి పేరు,
బళ్లో వేసిన కొత్తలో పిల్లాడు దిద్దినట్టు,
వారానికొకటిగా పెరిగింది.
పాలు పోసే కుర్రాడు దారిలో ఆగి పైకి చదివేవాడు:
ఇ. ఇథ్. ఇథె.
క్రిస్మస్‌కి కోళ్లు గుడ్లు మానేశాయి.
మూడు వారాలు ఖాళీ.
మంచు కరిగాక మళ్లీ: క. కద్.

పదకొండో అక్షరం దగ్గర ఆగింది.
ఇథెల్ కద్వలా

పన్నెండో గడిలో ముత్తాత రాత:
వచ్చింది. ఇవ్వలేదు.
పదమూడో గడిలో:
వచ్చింది. ఇవ్వలేదు.
ఆ కింద ఎవరిదో గొర్రెల దొడ్డికి గోడరాళ్ల లెక్క.

నక్క కోళ్లని ఎత్తుకుపోయిందని ఒక మాట.
కాదు, గుప్పిట్లో చిల్లర గలగలమందని
మా నాయనమ్మ చెప్పేది, తను చూసినట్టే.
నాకు తెలీదు.
తల్లికి ఏం తోచిందో రాయడానికి
ఆ పుస్తకంలో గడి లేదు.

నవంబరులో పేర్లు చదువుతారు.
ముప్పయ్యారు పేర్లకి ఊరు తల వంచుకుని వింటుంది.
ముప్పయ్యేడోది రాయి మీద ఉన్నంతవరకే చదువుతారు:
ఇథెల్ కద్వలా...
అప్పుడు గుంపంతా,
ముక్కు చీదుకుంటున్నవాళ్లు, చంకలో పిల్లల్ని వేసుకున్నవాళ్లు,
బస్సాపి దిగొచ్చిన డ్రైవరు,
ఒకే గొంతుతో:
"దర్!"
ఎవరు మొదలెట్టారో ఎవరికీ గుర్తులేదు.
ఆరేళ్లప్పుడు ముందుపళ్లు లేక నేను "దల్" అన్నాను.
నవ్వారు.
ఆ రోజు మొత్తంలో నవ్వదగ్గ చోటు అదొక్కటే.

ఈ ఏడు కౌన్సిల్ నుంచి ఉత్తరం.
మరమ్మతుల పద్దు కింద, లోపించిన అక్షరాలు రెండు,
ఒక్కోటి నలభై పౌండ్లు, పన్ను అదనం.

నిచ్చెన అక్కర్లేదు, అడుగు వరుసే కదా.
మోకాళ్ల మీద కూర్చుని
బలపంతో ద గీశాను. ర్ గీశాను.
జాగా అంగుళం తేడా లేకుండా సరిపోయింది.
ముత్తాత ఎప్పుడో నున్నగా సానపట్టి
వదిలిపెట్టాడు దాన్ని.
వాన ఏటవాలుగా వచ్చింది.
ముందు ర్ పోయింది.
ద కాసేపు ఉంది.
ఉలి సంచీలోంచి తియ్యలేదు.

ఇంటికొచ్చి పుస్తకం తెరిచాను.
పదమూడో గడికీ గొర్రెల దొడ్డికీ మధ్య
రెండు వేళ్ల ఖాళీ.
రాశాను:
వచ్చాను. చెక్కలేదు.
తేదీ వేశాను.

కౌన్సిల్‌కి ఏం రాయాలో
ఇంకా తోచలేదు.